ఫ్రీ డిష్‌ను మీరే బిగించుకోవడం ఎలా: అనంతపురం, కర్నూలు, కడప ఇళ్లకు కొలతలతో సహా

దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు నెల చందా లేదు. డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు చేయి కొనకు బిగించే, సిగ్నల్ అందుకునే చిన్న పరికరం), కేబుల్, సెట్ టాప్ బాక్సు ఒక్కసారి కొనుక్కుంటే చాలు, ప్రసార భారతి ఇచ్చే చానెళ్లు, ఆకాశవాణి కార్యక్రమాలు ఊరికే వస్తాయి. ఇంత మేలైన ఏర్పాటు మన పల్లెల్లో ఆషాఢ మాసపు గాలికి డిష్ కాస్త పక్కకు తిరగగానే మూలపడుతోంది. మెకానిక్ కోసం పట్నానికి కబురు పెట్టాలి, ఆయన తీరిక చూసుకుని వచ్చేదాకా ఎదురుచూడాలి, వచ్చిన ప్రతిసారీ కూలి ఇచ్చుకోవాలి. చందా లేదన్న సంతోషం అక్కడే ఆవిరైపోతుంది. డిష్‌ను మోసే గొట్టాన్ని నిటారుగా నిలబెట్టి, మూడు కోణాలు సరిగ్గా పెట్టి, ఆపైన ఓపికగా మిల్లీమీటరు చొప్పున తిప్పగలిగితే ఈ పని ఎవరైనా చేసుకోవచ్చు. ఆ మూడు కోణాలనూ మన ప్రాంతానికి లెక్కగట్టి కింద ఇస్తున్నాను.

గురి దేనికి?

ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తున్నాయి. ఇస్రో తయారుచేసిన ఈ ఉపగ్రహం బరువు 3,164 కిలోలు. అంత బరువును ఆ ఎత్తుకు మోసే రాకెట్ అప్పటికి శ్రీహరికోటలో సిద్ధం కాలేదు. అందువల్ల 2015 నవంబరు 11న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియాన్-5 రాకెట్‌తో పంపారు. విజయవాడలో తయారైన దూరదర్శన్ సప్తగిరి చానెల్ కార్యక్రమం ఢిల్లీలోని తోడాపూర్ భూకేంద్రం చేరి, అక్కడి నుంచి ఉపగ్రహానికి వెళ్తుంది. ఉపగ్రహంలో ఉన్న 24 కేయూ బ్యాండ్ (చిన్న డిష్‌లకు అందే ఫ్రీక్వెన్సీల వరస) ట్రాన్స్‌పాండర్లలో ఒకటి దాన్ని అందుకుని, ఫ్రీక్వెన్సీ మార్చి, బలం పెంచి దేశం మీదికి వదులుతుంది. అనంతపురం నుంచి ఉపగ్రహానికి నేరు దూరం దాదాపు 36,300 కిలోమీటర్లు. అంత దూరం వచ్చేసరికి సిగ్నల్ అతి పలచబడిపోతుంది కాబట్టే డిష్ గురికి అంత విలువ.

జీశాట్-15 భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 3 కిలోమీటర్లకు కాస్త మించిన వేగంతో తిరుగుతుంది. 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలమూ అంతే. అందుకే అది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర, గ్రేట్ నికోబార్ దీవికి దక్షిణాన సముద్రం మీద, ఒకే చోట నిలిచినట్లు ఉంటుంది. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల కాస్త జరిగినా, కర్ణాటకలోని హాసన్ నియంత్రణ కేంద్రం నుంచి ఆదేశాలు పంపి మళ్లీ చోటికి తెస్తారు. కాబట్టి ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. బొమ్మ పోయిందంటే ఉపగ్రహం కదిలిందని అనుకోవద్దు, మీ ఇంటి దగ్గరే ఏదో కదిలింది. అది గొట్టం కావచ్చు, నట్టు కావచ్చు, కేబుల్ కావచ్చు. వెతకాల్సింది అక్కడే.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో ఊరుమ్మడి టీవీకి కోళ్ల గూటి జాలీతో చేసిన పదడుగుల డిష్ కావలసి వచ్చేది. ఇప్పుడు 60 సెంటీమీటర్లది సరిపోతోంది, అదీ ఇంటింటికీ. ఆ తేడాను తలుచుకున్నప్పుడల్లా ఈ పనిని చక్కగా చేసుకోవాలని అనిపిస్తుంది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

60 లేదా 65 సెంటీమీటర్ల డిష్, యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ, ఆర్‌జీ-6 కేబుల్, కేబుల్ కొనలకు బిగించే రెండు ఎఫ్ కనెక్టర్లు, బాక్సు. బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 రకం అడగండి. పాత ఎంపెగ్-2 బాక్సుకు కొన్ని చానెళ్లు అసలు అందవు, నాలుగు డబ్బులు మిగిలాయని దానికి ఆశపడకండి. 10, 13 నంబరు పానాలు, మేస్త్రీలు వాడే రసమట్టం, తూకపు గుండు, ఒక చాక్‌పీసు, దిక్సూచి ఉన్న ఫోను దగ్గర పెట్టుకోండి.

ఇంకో మనిషి కూడా కావాలి. మీరు డిష్ దగ్గర ఉంటే టీవీ దగ్గర ఒకరు కూర్చుని అంకెలు చదివి చెప్పాలి. అరుచుకోవడం కంటే, ఒక ఫోనును టీవీ ఎదుట నిలబెట్టి వీడియో కాల్ పెట్టుకోవడం మేలు. అంకె మారిన క్షణంలోనే మీకు కనిపిస్తుంది.

చోటు చూసుకోవడం

ఉపగ్రహం మనకు ఆగ్నేయాన ఉంది. ఏ తెలుగు ఇంట్లోనైనా ఆగ్నేయ మూల ఏదో చెప్పాల్సిన పనిలేదు, వంటగది అక్కడే కడతారు. కర్నూలు వాళ్లకు ఇది దాదాపు కచ్చితంగా ఆగ్నేయమే. అనంతపురం వాళ్లకు ఆగ్నేయం నుంచి మూడు డిగ్రీలు తూర్పు వైపు.

ఎత్తు విషయంలో మనం అదృష్టవంతులం. ఉపగ్రహం మన ప్రాంతంలో నేల నుంచి 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అంటే నడినెత్తికి కాస్త దిగువన. అందువల్ల చెట్లూ గోడలూ అంత తేలిగ్గా అడ్డురావు. ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి: ఎదురుగా ఉన్న వస్తువు డిష్ కన్నా ఎంత ఎత్తు ఉందో, అందులో సగం దూరం జరిగితే చాలు. ఆగ్నేయాన వేపచెట్టు డిష్ కంటే 8 మీటర్లు ఎత్తుంటే, దాని కొమ్మల అంచు నుంచి 4 మీటర్లు ఇవతల పెట్టండి. పక్కన సిమెంటు తొట్టి మీటరున్నర ఎత్తుంటే, ముప్పావు మీటరు దూరం సరిపోతుంది. చెట్టు పెరుగుతుందని మాత్రం మరవకండి.

ఈ ఎత్తు వల్లే మరో వెసులుబాటు ఉంది. డిష్ మిద్దె మీదే ఉండాలన్న నియమం లేదు. మన పల్లెల్లో ఇప్పటికీ చౌడు మట్టి పరిచిన మిద్దెలున్నాయి. వాటి మీద బోల్టు దించితే అది పట్టదు, పైగా ఆ కన్నం గుండా వాన నీళ్లు దూలాల్లోకి దిగుతాయి. నాపరాళ్లు పరిచిన కప్పుల మీద డ్రిల్లు పెడితే బండ పగులుతుంది. ఇలాంటి ఇళ్లకు నా సలహా ఒక్కటే: పెరట్లో నేల మీద పెట్టుకోండి. ఇంటి గోడ డిష్ కంటే మూడు మీటర్లు ఎత్తున్నా, గోడకు రెండు మీటర్లు ఎడంగా ఉంటే అడ్డే రాదు. కింద ఉంటే గాలి దెబ్బ తక్కువ, సరిచేయడానికి నిచ్చెన ఎక్కే పనీ ఉండదు. మేకలూ పిల్లలూ తగలకుండా చుట్టూ నాలుగు కంపలు పాతితే సరి.

ఆర్‌సీసీ మిద్దె అయితే పిట్టగోడకు దగ్గరగా, స్లాబు గట్టిగా ఉన్న చోట యాంకర్ బోల్టులతో బిగించండి. ఎక్కే ముందు కరెంటు తీగలు ఎటు వెళ్తున్నాయో చూసుకోండి. ఇనుప గొట్టం ఎత్తిపట్టుకుని తిరిగేటప్పుడు పైనున్న తీగ గుర్తురాదు. మేఘం ఉరుముతున్నప్పుడు, గాలి జోరుగా ఉన్నప్పుడు ఈ పని మొదలుపెట్టవద్దు.

గొట్టం నిటారుగా లేకపోతే అంతా వృథా

పెరట్లో అయితే ఒక్కో వైపు 45 సెంటీమీటర్లు, అంతే లోతు గుంత తీయండి. గొట్టం అడుగున అడ్డంగా ఒక ఇనుప ముక్క వెల్డింగు చేయించండి. అది లేకపోతే గాలికి డిష్ ఊగినప్పుడు గొట్టం సిమెంటులోనే గుండ్రంగా తిరిగిపోతుంది. కాంక్రీటు పోశాక, అది గట్టిపడక ముందే గొట్టాన్ని నిటారుగా సరిచేసి కట్టెలు ఊతమిచ్చి వదిలేయండి. మూడు రోజులు నీళ్లు పట్టి, ఆ తర్వాతే డిష్ ఎక్కించండి.

నిటారు చూడటం ఎలాగంటే, రసమట్టాన్ని గొట్టానికి తూర్పు వైపు ఆనించి ఒకసారి, దక్షిణం వైపు ఆనించి ఒకసారి చూడాలి. ఒక్క వైపు చూసి వదిలేస్తే లాభం లేదు. రసమట్టం లేకపోతే తూకపు గుండు దారం గొట్టం వెంట ఎడమా కుడీ సమానంగా దిగుతోందో లేదో చూడండి. ఇంత పట్టింపు ఎందుకంటే, గొట్టం నిటారుగా ఉంటే డిష్‌ను ఎటు తిప్పినా ఎత్తు కోణం మారదు. వంగి ఉంటే మీరు పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది. రెండూ ఒకేసారి మారుతుంటే గంటల తరబడి వెతికినా దొరకదు.

కేబుల్ కొనలు

సిగ్నల్ సరిగ్గా రాని ఇళ్లలో కనెక్టర్ దగ్గరే లోపం ఉండటం మామూలు. కాబట్టి ఇక్కడ తొందరపడకండి. బాక్సు స్విచ్ ఆపేసి, ప్లగ్గు పీకేసి ఈ పని చేయండి, ఎందుకంటే అదే కేబుల్ గుండా బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పోతుంది.

కేబుల్ పై తొడుగును ఒకటిన్నర సెంటీమీటరు ఒలవండి. లోపల జాలీలా అల్లిన సన్న తీగలు కనిపిస్తాయి. వాటిని వెనక్కి మడిచి తొడుగు మీదికి దువ్వండి. దాని కింద ఉన్న రేకును, తెల్లని ప్లాస్టిక్‌ను మధ్య తీగ చుట్టూ కోయాలి. కత్తి మధ్య తీగకు తగలకూడదు, చిన్న గాటు పడినా రేపో మాపో అక్కడే తెగుతుంది. ఇప్పుడు వెలుతురులో పట్టుకుని చూడండి. జాలీ తీగ ఒక్క వెంట్రుకంత కూడా మధ్య తీగను తాకకూడదు. తాకితే షార్టు అయి ఎల్‌ఎన్‌బీకి కరెంటే అందదు. కనెక్టర్ తిప్పి బిగించాక మధ్య తీగ దాని అంచు కన్నా రెండు మిల్లీమీటర్లు బయటికి రావాలి, అంతకు మించి అక్కర్లేదు.

ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్ మీద నీళ్లు చేరని టేపు కింది నుంచి పైకి చుట్టండి. కేబుల్ ఇంట్లోకి దూరే చోట ముందు కిందికి ఒక వంపు ఇచ్చి, తర్వాత పైకి తిప్పి కన్నంలోకి పంపండి. వాన నీరు ఆ వంపు దగ్గర జారిపోతుంది, లోపలికి రాదు. మన ఎండలకు నాసిరకం కేబుల్ తొడుగు రెండు మూడేళ్లలో పగుళ్లిస్తుంది. వీలైనంత మేర గోడ నీడ వెంట లాగండి, మధ్యలో జాయింట్లు వేయకండి.

మూడు కోణాలు

మొదటిది దిక్కు. ఉత్తరాన్ని సున్నాగా తీసుకుని తూర్పు మీదుగా లెక్కపెడితే అనంతపురానికి 131.7 డిగ్రీలు, కర్నూలుకు 134.6, కడపకు 133.7. హిందూపురానికి 130 పెట్టుకోండి, ప్రొద్దుటూరుకు 133.6, ఆదోనికి 132.8. మిగతా ఊళ్లు ఈ అంకెల మధ్యే పడతాయి. ఫోను దిక్సూచిని నమ్మవచ్చు. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. కానీ గొట్టం పక్కన, ఇనుప కడ్డీలున్న స్లాబుకు ఆనించి చూస్తే ముల్లు దారి తప్పుతుంది. నాలుగడుగులు దూరంగా నిలబడి, చేతిలో ఎత్తి పట్టుకుని చూడండి. ఆ దిశలో దూరాన కనిపించే ఒక గుర్తును, టవరునో గోపురాన్నో గుట్టనో, గుర్తుపెట్టుకోండి.

దిక్సూచి మీద నమ్మకం లేకపోతే నీడ సాయం తీసుకోవచ్చు. మార్చి 21 ప్రాంతంలో ఉదయం 11:20 దాటాక, సెప్టెంబరు 23 ప్రాంతంలో 11:08కి సూర్యుడు మూడు ఊళ్లలోనూ ఇదే దిక్కున ఉంటాడు. డిసెంబరు మూడో వారంలో అయితే అనంతపురంలో 9:25, కడపలో 9:33, కర్నూలులో 9:38. ఆ సమయానికి నిటారు గొట్టం నీడ ఎటు పడుతుందో చాక్‌పీసుతో గీయండి. నీడకు సరిగ్గా ఎదురు వైపు మీ గురి. మే నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఈ పద్ధతి కుదరదు. ఆ నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఈ మూలకు రానే రాడు.

రెండోది ఎత్తు. అనంతపురానికి 64.8 డిగ్రీలు, కర్నూలుకు 64.2, కడపకు 66. డిష్ వెనక బ్రాకెట్ మీద అంకెల గీతలుంటాయి, అక్కడ 65 పెట్టి మొదలుపెట్టండి. ఆ తర్వాత డిష్‌ను చూసి చాలామంది కంగారుపడతారు, అది 65 డిగ్రీల ఎత్తుకు చూస్తున్నట్లు కనిపించదు. మన ఇళ్లకు వాడే డిష్ కింది భాగంలో చేయి ఉండి, వచ్చిన తరంగాలను కిందికి వంచి ఎల్‌ఎన్‌బీకి అందిస్తుంది. ఈ వంపు దాదాపు 25 డిగ్రీలు. అందువల్ల డిష్ ముఖం మీద పై అంచు నుంచి కింది అంచుకు ఒక బద్ద ఆనిస్తే అది నేలతో 50 డిగ్రీల కోణం చేస్తుంది. బ్రాకెట్ మీద గీతలు చెరిగిపోయి ఉంటే, ఫోనులోని కోణం కొలిచే యాప్‌ను ఆ బద్ద మీద పెట్టి 50కి తెచ్చుకోండి. కంపెనీని బట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండవచ్చు.

మూడోది ఎల్‌ఎన్‌బీ మెలి. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఉపగ్రహం నుంచి తరంగాలు రెండు రకాలుగా, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఊగుతూ వస్తాయి. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన ఉంటే ఎల్‌ఎన్‌బీని నిటారుగా పెడితే చాలేది. అది పక్కగా ఉంది కాబట్టి ఆ నిలువు, అడ్డం రెండూ మన కంటికి వాలిపోయి వస్తాయి. మన ప్రాంతంలో ఆ వాలు లెక్క ప్రకారం దాదాపు 45 డిగ్రీలు, అనంతపురానికి 46, కర్నూలుకు 43. ఎల్‌ఎన్‌బీని నిటారుగానే వదిలేస్తే రెండు రకాల తరంగాలూ సగం సగం కలిసిపోయి, డిష్ ఎంత గురిగా ఉన్నా బొమ్మ గడులు గడులుగా విరుగుతుంది. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తూ, కేబుల్ తగిలించే కొన మామూలుగా గడియారంలో 6 దగ్గర ఉంటుందనుకోండి. దాన్ని గడియారానికి ఎదురు దిశలో 4, 5 అంకెల మధ్యకు తిప్పండి. డిష్ ఎదుట నిలబడితే అదే 7, 8 మధ్య కనిపిస్తుంది. ఇది మొదలుపెట్టే స్థానం. చివరి సర్దుబాటు బాక్సులో క్వాలిటీ అంకె చూసి చేయాలి.

వెతికే పద్ధతి

బాక్సు సెట్టింగ్స్‌లో ఉపగ్రహం పేరు జీశాట్-15 లేదా 93.5 తూర్పు ఎంచుకోండి. ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, అంటే 9750-10600. ఫ్రీ డిష్ ఫ్రీక్వెన్సీలన్నీ 11,700 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ కాబట్టి 22 కిలోహెర్ట్జ్ స్విచ్ ఆపి ఉంచండి, ఆటో ఉంటే అదీ సరే. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంగ్త్, క్వాలిటీ.

స్ట్రెంగ్త్‌ను చూసి సంబరపడవద్దు. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోందంటే చాలు, డిష్ గోడకేసి చూస్తున్నా ఆ గీత సగం దాకా నిండవచ్చు. కేబుల్ బాగుందని మాత్రమే అది చెబుతుంది. మీ చూపు క్వాలిటీ మీద ఉండాలి. సరైన సిగ్నల్ దొరికిన క్షణం దాకా అది సున్నాలోనే ఉంటుంది.

ఎత్తు 65 దగ్గర కాస్త బిగించి, దిక్కు నట్లు వదులు చేసి, డిష్‌ను గుర్తు వైపు తిప్పండి. అక్కడి నుంచి తూర్పుకు పది డిగ్రీలు జరిపి, మెల్లగా దక్షిణం వైపు తెస్తూ రండి. మెల్లగా అంటే ఎంత మెల్లగా? సాధారణంగా గొట్టం వ్యాసం 38 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 12 సెంటీమీటర్లు. అంటే గొట్టం మీద ఒక్క మిల్లీమీటరు జరిగితే డిష్ 3 డిగ్రీలు తిరిగినట్లు. కాబట్టి గొట్టం మీదా బ్రాకెట్ మీదా కలిసేలా ఒక చాక్‌పీసు గీత గీసుకుని, ప్రతిసారీ గీత మందమంతే జరపండి. జరిపాక రెండు మూడు క్షణాలు ఆగండి, బాక్సుకు సిగ్నల్ పట్టుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఆగకుండా తిప్పుకుంటూ పోయేవాళ్లు సరైన చోటును దాటిపోయి, లేదని తిరిగొస్తారు.

ఆ వరసలో దొరక్కపోతే ఎత్తును ఒక డిగ్రీ పెంచి మళ్లీ, తగ్గించి మళ్లీ అదే వరస. 60 సెంటీమీటర్ల డిష్‌కు ఒక డిగ్రీ అంటే పై అంచు దగ్గర దాదాపు అర సెంటీమీటరు కదలిక. ఒక విషయం గమనించండి. ఉపగ్రహం అంత ఎత్తున ఉన్నందువల్ల మన దగ్గర దిక్కులో 2 డిగ్రీల పొరపాటు ఆకాశంలో 1 డిగ్రీ కంటే తక్కువ. ఎత్తులో 1 డిగ్రీ పొరపాటు మాత్రం పూర్తిగా 1 డిగ్రీయే. కాబట్టి రాయలసీమలో దిక్కు కంటే ఎత్తును రెట్టింపు శ్రద్ధతో సరిచూడాలి.

క్వాలిటీ కదిలిందా, ఇక నాజూకు పని. డిష్‌ను ఎడమకు జరుపుతూ క్వాలిటీ పడిపోయే చోట ఒక గీత, కుడికి జరుపుతూ పడిపోయే చోట మరో గీత గీయండి. రెంటికీ నడుమన నిలిపి బిగించండి. ఎత్తుకూ అలాగే. చివర ఎల్‌ఎన్‌బీని కొద్ది కొద్దిగా మెలితిప్పి క్వాలిటీ ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడ ఆపండి. నట్లను ఒక వైపే పూర్తిగా బిగిస్తే డిష్ ఆ వైపు లాగేస్తుంది. ఎడమ పావు చుట్టు, కుడి పావు చుట్టు చొప్పున, అంకె చూస్తూ బిగించండి.

దొరికింది గానీ చానెళ్లు రావడం లేదా?

అలాగైతే మీకు దొరికింది పొరుగు ఉపగ్రహం. 95 డిగ్రీల తూర్పున డిష్ టీవీ వాడే ఉపగ్రహాలున్నాయి. అనంతపురం నుంచి చూస్తే అవి జీశాట్-15 కన్నా 2.7 డిగ్రీలు తూర్పుకు, 1.3 డిగ్రీలు కిందికి. గొట్టం మీద అది మిల్లీమీటరు తేడా మాత్రమే. కాబట్టి సెర్చ్ ఇచ్చాక దూరదర్శన్ పేర్లు లేకుండా తాళం వేసిన చానెళ్లే వచ్చాయంటే, కాస్త దక్షిణానికి తిప్పి, డిగ్రీకి కాస్త ఎక్కువగా పైకెత్తండి.

పక్కింటి డిష్ ఎటు చూస్తే అటు పెట్టడం ఇంకో పొరపాటు. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గరున్నాయి, అనంతపురం నుంచి దిక్కు 160, ఎత్తు 72. ఎయిర్‌టెల్‌వి 108.2 దగ్గర, దిక్కు 113, ఎత్తు 51. పక్కింట్లో ఉన్నది ఫ్రీ డిష్షేనని తెలిస్తేనే దాన్ని చూసి పెట్టండి.

చానెళ్లు, రేడియో

గురి కుదిరాక ఆటో స్కాన్ ఇవ్వండి. మన రాష్ట్రానికి దూరదర్శన్ చానెల్ సప్తగిరి, తెలంగాణ వాళ్లది యాదగిరి. ప్రైవేటు చానెళ్లకు ప్రసార భారతి వేలం ద్వారా చోటు ఇస్తుంది, అందువల్ల వచ్చేవీ పోయేవీ ఉంటాయి. అప్పుడప్పుడూ మళ్లీ స్కాన్ ఇస్తూ ఉండండి. చదువుకునే పిల్లలున్న ఇంట్లో స్వయం ప్రభ విద్యా చానెళ్లను తప్పక వెతికి పెట్టండి. ట్యూషన్‌కు పంపలేని తల్లిదండ్రులకు అవి నిజమైన ఆసరా.

రిమోట్ మీద టీవీ, రేడియో అని ఉండే మీట నొక్కితే ఆకాశవాణి చానెళ్ల జాబితా వస్తుంది. పాత మీడియం వేవ్ సెట్టులో రాత్రిపూట వినిపించే గరగర ఇందులో ఉండదు. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ మీట వాళ్లకు నేర్పించండి. అయితే కడప, అనంతపురం, కర్నూలు కేంద్రాల స్థానిక కార్యక్రమాలకు మామూలు రేడియోను తీసేయవద్దు. 1963 నుంచి నడుస్తున్న కడప కేంద్రం రైతులకు చెప్పే స్థానిక కబుర్లు ఈ జాబితాలో వెతికితే దొరకకపోవచ్చు. పాత టీవీ ఏరియల్ మాత్రం ఇక దించేయవచ్చు. 2022 మార్చి నాటికి దూరదర్శన్ తన పాత పద్ధతి భూతల ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ ఆపేసింది.

తర్వాత వచ్చే ఇబ్బందులు

జోరు వానలో బొమ్మ పోయి, వాన తగ్గాక దానంతట అదే వస్తే డిష్‌ను ముట్టుకోకండి. కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు మింగేస్తాయి, అది సహజం. చిన్న తుంపరకే పోతోందంటే మాత్రం గురి అంచున ఉన్నట్లు, ఎత్తు మరోసారి సరిచూసుకోండి. పిడుగుల కాలంలో, ముఖ్యంగా ఏప్రిల్, మే సాయంత్రాల్లో, ఉరుము వినగానే కేబుల్‌ను బాక్సు నుంచి తీసేయండి.

మార్చి రెండో వారం చివర కొన్ని రోజులు ఉదయం 11:15 ప్రాంతంలో, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో 10:55 ప్రాంతంలో, ఎండ కాస్తుండగానే కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. ఆ సమయానికి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు, ఆయన వెదజల్లే రేడియో శబ్దంలో సిగ్నల్ మునిగిపోతుంది. భయపడాల్సింది లేదు. పైగా ఆ కొద్ది నిమిషాలు గురి సరిచూసుకోవడానికి మంచి అవకాశం, ఎల్‌ఎన్‌బీ నీడ ఎడమకూ కుడికీ ఒరగకుండా డిష్ కింది అంచు నడిమి భాగం వైపు పడాలి. సూర్యుడిని మాత్రం నేరుగా చూడకండి.

గాలికి పోయిన సిగ్నల్ అయితే ముందు చాక్‌పీసు గీతలు చూడండి. అవి వానకు చెరిగిపోతాయి కాబట్టి, మొదటి రోజే పని పూర్తయ్యాక వాటి మీద పెయింటు గీయడం మంచిది. గీతలు విడిపోయి ఉంటే కలపండి, పని అయిపోయినట్లే. గీతలు కలిసే ఉండి స్ట్రెంగ్త్ కూడా సున్నా అయితే కేబుల్ తెగింది లేదా కనెక్టర్‌లో షార్టు అయింది, రెండు కొనలూ కోసి కొత్తగా బిగించండి. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ లేకపోతే రసమట్టం తీసుకుని గొట్టం ఒరిగిందేమో చూడండి. గొట్టం నిటారుగానే ఉండి, కేబుల్ కొత్తదైనా రాకపోతే ఎల్‌ఎన్‌బీ ముందున్న ప్లాస్టిక్ మూత పగిలి లోపలికి నీరు చేరిందేమో పరీక్షించండి. చేరితే దాన్ని ఆరబెట్టి వాడే ప్రయత్నం చేయకండి, కొత్తది వేయండి. పాతది తీసే ముందు అది ఎంత మెలి తిరిగి ఉందో పిడి మీద గీత గీసుకుంటే కొత్తది అదే కోణంలో కూర్చుంటుంది.